వంటింటి ఉత్తరాలు: బేగెల్ మీద వెన్న లేకుండా ఏం పూయాలి?

ప్రశ్న: అక్కా, మాది అనంతపురం. కొడుకూ కోడలూ బెంగళూరు మారతహళ్ళిలో ఉంటారు. సంక్రాంతి దాటేదాకా నేనూ ఇక్కడే. కోడలు వీగన్. పాలు, పెరుగు, నెయ్యి, తేనె ఏదీ ముట్టదు. మొన్న ఆదివారం పొద్దున బేకరీ నుంచి బేగెల్స్ తెచ్చింది. చూడ్డానికి పెద్ద గారెలా ఉంది గానీ, చల్లగా ఉన్నదాన్ని అట్లే కొరికితే పన్ను దిగలేదు. కాస్త తిని పక్కన పెట్టినాను. పిల్ల ఏమీ అనలేదు, మొహం మాత్రం చిన్నబోయింది. ఈసారి ఆమెతో కూర్చుని ఇష్టంగా తినాలని నా కోరిక. అసలు ఇదేం పదార్థం? వెన్న, చీజు లేకుండా దీనిమీద ఏం వేసుకోవాలి?
– ఎస్. ఎల్., మారతహళ్ళి

జవాబు: చెల్లెమ్మా, కోడలి మొహం చిన్నబోయిందని గమనించి ఉత్తరం రాసినారు చూడండి, అందుకే ఈ వారం ఎక్కువ చోటు మీకే ఇస్తున్నాను.

బేగెల్ గట్టిగానే ఉంటుంది. అట్లా ఉండాలనే చేస్తారు. మన బన్ను పిండి పొంగగానే నేరుగా ఓవెన్‌లోకి పోతుంది. బేగెల్‌ను మాత్రం ముందు మరిగే నీళ్ళలో వేసి, ఒక్కో పక్క అర నిమిషం నుంచి నిమిషం దాకా ఉడికించి, ఆ తర్వాత కాలుస్తారు. నీళ్ళలో పడగానే పైపొర ఉడికి బిగుసుకుంటుంది. అందువల్ల ఓవెన్‌లో అది బన్నులా ఉబ్బలేదు. లోపల పిండి దట్టంగా, నమిలితే సాగేటట్టు ఉంటుంది. పైన మెరుపు కూడా ఆ ఉడకడం వల్లే వస్తుంది. పిండి కూడా చపాతీ ముద్ద కన్నా బిగువుగా కలుపుతారు. ఇంత దట్టమైన రొట్టెను చల్లగా, ఏదీ పూయకుండా కొరికితే ఎవరికైనా దవడ నొప్పే.

దీని పుట్టిల్లు పోలెండు, అక్కడి యూదుల ఇళ్ళు. 1610లో క్రాకోవ్ నగరపు యూదు సమాజం రాసుకున్న కట్టుబాట్లలో దీని ప్రస్తావన ఉంది. అదే ఊళ్ళో వీధి బండ్ల మీద ఇప్పటికీ ఒబ్వజానెక్ అని దీనికి దగ్గరి చుట్టం అమ్ముతారు. అదీ ఉడికించి కాల్చిన కడియమే, గసగసాలో నువ్వులో అద్ది ఉంటుంది. దానికి 2010లో ఐరోపా సంఘం భౌగోళిక గుర్తింపు ఇచ్చింది. పోలెండు నుంచి వలసపోయిన యూదులతో బేగెల్ న్యూయార్కు చేరింది. క్రీమ్ చీజు, ఉప్పులో ఊరిన సాల్మన్ చేప దానికి జతపడింది అమెరికాలోనే. మీ కోడలు తినని పాలపదార్థం అట్లా పైనుంచి వచ్చి చేరిందే.

లోపలి పిండి సంగతి వేరు. మైదా, నీళ్ళు, ఉప్పు, ఈస్ట్, మొలకెత్తిన బార్లీ నుంచి తీసిన మాల్టు, అంతే. యూదుల ఆహార నియమాల్లో మాంసం, పాలు ఒక్క పూటలో కలపకూడదు. రొట్టె ఏ భోజనంలోకైనా పనికిరావాలి గనుక పిండిలో పాలూ వెన్నా పోయకుండా చేయడం వాళ్ళ ఆచారం. వీగన్ అనే మాట పుట్టకముందే సాదా బేగెల్ అట్లా పాలు లేకుండా తయారైంది. కాబట్టి మీరు వెతకాల్సింది పైన పూసే దాని కోసమే. అనంతపురం వంటింట్లో పెరిగిన వాళ్ళకు అందులో లోటేముంది?

ముందు కోసే పద్ధతి చెబుతాను. బేగెల్‌ను బల్ల మీద పడుకోబెట్టి, అరచేయి చదునుగా పైన ఆనించి, పళ్ళున్న బ్రెడ్డు కత్తితో అడ్డంగా రెండు చక్రాలు చేయండి. చేత్తో గాల్లో పట్టుకుని మాత్రం కోయొద్దు, ఇది గట్టిది, కత్తి జారి అరచేయి తెగుతుంది. కోసిన ముఖాన్ని కిందికి పెట్టి ఇనప పెనం మీద సన్నని సెగలో కాల్చండి. నూనె అక్కర్లేదు. కోసిన వైపు గోధుమ రంగు తిరిగి కరకరమనాలి, వెనక వైపు మెత్తబడాలి. పెనం మీద నాలుగు చుక్కల నీళ్ళు చిలకరించి ఒక్క క్షణం మూత పెడితే మెత్తదనం బాగా వస్తుంది. మీ పళ్ళకు ఈ చివరి మెట్టు ముఖ్యం.

ఇక పూత. నా ఓటు మొదట శనక్కాయల ఊరిబిండికే. వేయించిన శనక్కాయలు, ఎండుమిరపకాయలు, తెల్లగడ్డ, ఉప్పు, చింతపండు కొంచెం. సంగటిలోకి చేసుకున్నట్టే బరకగా రుబ్బండి, నీళ్ళు మాత్రం తగ్గించండి. బేగెల్‌కు నడుమ బొక్క ఉందని మరిచిపోవద్దు. టిఫిన్ల చట్నీలా పలచగా ఉంటే అందులోంచి కారి చెయ్యంతా అవుతుంది. వేడి బేగెల్ మీద పలచగా, అంచు దాకా పరచండి. పైన సన్నగా తరిగిన ఎర్రగడ్డ చాలు. మందంగా కుప్ప పోయొద్దు, రొట్టె రుచి కూడా నోటికి తెలియాలి. బేగెల్‌కు ఉన్న కమ్మటి మాల్టు వాసన, సాగే గుణం ఊరిబిండి కారంతో కలిసినప్పుడు నాకు క్రీమ్ చీజు కన్నా ఇదే నచ్చింది. ఈ మాట మర్యాదకు అనడం లేదు.

మీరు సరైన కాలంలో వచ్చినారు. ఇప్పుడు బెంగళూరు సంతల నిండా అనపకాయలే. ఇక్కడివాళ్ళు అవరెకాయ అంటారు, మాగడి వైపు కాయకు పేరెక్కువ. వి.వి. పురం తిండి వీధిలో పేరుపడ్డ అవరెబేళె మేళా ఈసారి ఎక్కడ పెడుతున్నారో కనుక్కుని కోడలిని తీసుకుపొండి. గింజలు రాత్రి నానబెట్టి, పొద్దున తోలు పితికి తీసిన పితికిపప్పును మెత్తగా ఉడికించండి. నీళ్ళు వంచేసి, పచ్చిమిరపకాయ, రెండు తెల్లగడ్డ రెబ్బలు, ఉప్పు, కొత్తిమీరతో కచ్చాపచ్చాగా మెదిపి, నిమ్మకాయ పిండి, గానుగ శనగ నూనె ఒక చెంచా కలపండి. బేగెల్ మీద ఇంత కమ్మని పూత ఏ బేకరీలోనూ నాకు దొరకలేదు. వెన్నలాంటి నునుపు ఆ పప్పులోనే ఉంది. మీ కోడలికి పితికిపప్పు పులుసు ఒక్కటే తెలిసి ఉంటే, ఇది చూసి ఎంత సంతోషపడుతుందో నాకు రాయండి.

బటర్ ఫ్రూట్ సంగతి అందరూ అడుగుతారు. కొడగు తోటల నుంచి బెంగళూరు పళ్ళ అంగళ్ళకు వస్తుంది, జ్యూసు కొట్ల వాళ్ళు పాలూ చక్కెరా వేసి కొడతారు. మీరు చక్కెర జోలికి పోకుండా, తొడిమె దగ్గర నొక్కితే కాస్త లోపలికి పోయే పండు తీసుకుని, ముల్లుచెంచాతో మెదిపి ఉప్పు, నిమ్మరసం, మిరియాల పొడి కలపండి. నిమ్మరసం రుచి కోసమే కాదు, పండు నల్లబడటాన్ని కూడా ఆలస్యం చేస్తుంది. పైన నువ్వులు వేయించి చల్లండి. ఇది రెండో ఆదివారానికి పెట్టుకోండి. మొదటిసారే తెలియని రొట్టె, తెలియని పండు రెండూ ఒకేసారి ఎందుకు?

ఏదీ రుబ్బే ఓపిక లేని రోజు టమాటా ఉంది. నాటి టమాటాలు చక్రాల్లా కోసి ఉప్పు చల్లి కాసేపు పక్కన పెడితే నీళ్ళు దిగుతాయి. ఆ నీళ్ళు వంచేయకపోతే బేగెల్ నాని ముద్దవుతుంది. వేడి బేగెల్ మీద శనగ నూనె నాలుగు చుక్కలు రాసి, టమాటా పేర్చి, శనక్కాయ పొడి చల్లండి. అంతే.

గోంగూర గురించి కూడా ఒక మాట. పూయొచ్చు, కానీ గోరంత. దాని పులుపు ముందు ఈ సాదా రొట్టె నిలవదు. ఆవకాయ నేనైతే వేయను, ఊట, నూనె, బొక్క మూడూ కలిస్తే బట్టలు పాడవుతాయి.

వీగన్ చీజు డబ్బాలు బజార్లో దొరుకుతున్నాయి. కోడలికి ఇష్టమైతే కొననివ్వండి, మీరు మాత్రం వాటికోసం డబ్బు పెట్టొద్దని నా సలహా. తెల్లటి పూతే కావాలంటే గుప్పెడు జీడిపప్పు వేడినీళ్ళలో గంటసేపు నానబెట్టి, ఉప్పు, నిమ్మరసం, ఒక తెల్లగడ్డ రెబ్బతో వెన్నలా రుబ్బితే సరి.

ఆదివారం ఊరిబిండి మీరే రుబ్బండి, బేగెల్ ఆమెను కాల్చమనండి. ఒక చక్రం మీరు, ఒక చక్రం ఆమె. సగమే మీ వంతు అనుకుంటే పళ్ళకూ భారం ఉండదు.

ప్రశ్న: మేడమ్, మాది ఖమ్మం. కోరమంగళలో పీజీలో ఉంటూ ఉద్యోగం చేస్తున్నాను. ఈమధ్యే పాలు, తేనె మానేశాను. బేకరీలో అడిగితే 'ఎగ్‌లెస్, ప్యూర్ వెజ్' అంటున్నారు. ప్యాకెట్ మీద పచ్చ చుక్క కూడా ఉంది. అంటే వీగన్ అనుకోవచ్చా?
– పి. ఆర్., కోరమంగళ

జవాబు: అనుకోవద్దు బాబూ. మన దేశంలో పచ్చ చుక్క శాకాహారానికి గుర్తు. పాలు, వెన్న, తేనె ఉన్న వస్తువుకూ అదే చుక్క పడుతుంది. గుడ్డు ఉంటే గోధుమరంగు గుర్తు వస్తుంది. కాబట్టి పచ్చ చుక్క చూస్తే నీకు తెలిసేది మాంసం, చేప, గుడ్డు లేవని మాత్రమే. వీగన్ ఆహారానికి వేరే గుర్తు ఉంది. ఆహార భద్రతా ప్రమాణాల సంస్థ 2022లో వీగన్ ఆహారం కోసం విడిగా నియమాలు తెచ్చింది. చదరంలో ఆకుపచ్చ 'వీ' అక్షరం, దానికో చిగురు ఉంటే అది ఆ గుర్తు. బేకరీ అద్దాల బీరువాలో విడిగా పెట్టి అమ్మే బేగెల్‌కు ఏ గుర్తూ ఉండదు, అక్కడ నోరు తెరిచి అడగాల్సిందే.

ఏం అడగాలో రాసుకో. పిండిలో పాలపొడి గానీ వెన్న గానీ వేశారా? మెరుపు కోసం పైన గుడ్డు గానీ పాలు గానీ రాశారా? మూడో ప్రశ్న చాలామందికి తట్టదు: ఉడికించిన నీళ్ళలో తేనె కలిపారా? కెనడాలోని మాంట్రియాల్ నగరంలో బేగెల్స్‌ను తేనె కలిపిన నీళ్ళలోనే ఉడికించి, కట్టెల పొయ్యిలో కాలుస్తారు. ఆ పద్ధతి చూసి చేసే బేకరీ అయితే తేనె తప్పకుండా ఉంటుంది. న్యూయార్కు పద్ధతిలో మాల్టు వాడతారు. ఎండుద్రాక్ష, దాల్చినచెక్క వేసిన తీపి రకాల్లోనూ తేనె సంగతి అడగడం మంచిది. చీజు బేగెల్ సంగతి చెప్పేదేముంది, గుడ్డు సొన కలిపి పసుపురంగులో చేసే రకం కూడా ఒకటుంది. సాదా రకం, నువ్వుల రకం, గసగసాల రకం, ఉప్పు ఎర్రగడ్డ తెల్లగడ్డ అన్నీ కలిపి అద్దిన రకం, ఇవి నీకు అనువైనవి.

కౌంటర్ దగ్గరి అబ్బాయికి తెలియకపోతే విసుక్కోకు. లోపల పిండి కలిపే మనిషిని పిలిపించమను. నేను అడిగిన చోటల్లా ఆ మనుషులు చేతులు తుడుచుకుంటూ బయటికొచ్చి ఓపిగ్గా చెప్పారు, తమ పని గురించి అడిగేవాళ్ళు ఉంటే వాళ్ళకు సంతోషం. పాత పద్ధతి పాటించే అయ్యంగార్ బేకరీల్లో గుడ్డు వాడరు, అది ఈ ఊరి అదృష్టం. అయినా బన్నులో పాలో వెన్నో ఉండొచ్చు, అక్కడా ఇదే అడుగు.

పీజీలో పొయ్యి ఉండదు గనుక శనక్కాయ పొడి సీసా ఒకటి, నువ్వుల నూనె చిన్న సీసా ఒకటి దగ్గర పెట్టుకో. మీ ఖమ్మం వైపు అమ్మ చేసే పల్లీ పొడి ఉంటే ఇంకేం కావాలి? పొడిలో నూనె పోసి ముద్దలా కలిపి పూసుకుని, మీద దోసకాయ చక్రాలు పెట్టుకో. బేగెల్ కొన్న రోజే తినేయాలి, లేదా కొనగానే రెండుగా కోసి పీజీ ఫ్రిజ్‌లోని పై గడ్డకట్టే అరలో పెట్టాలి. మామూలు అరలో పెడితే బయట ఉన్నదానికన్నా త్వరగా గట్టిపడుతుంది, ఆ చల్లదనంలో రొట్టెలోని పిండి తొందరగా బిగుస్తుంది. గడ్డకట్టినదాన్ని కరగనివ్వక్కర్లేదు, నేరుగా టోస్టర్లో వేసుకోవచ్చు.

ప్రశ్న: బేగెల్ ఇంట్లో చేయొచ్చా అక్కా? మా ఇంట్లో చిన్న ఓవెన్ ఉంది.
– డి. వి., జయనగర్

జవాబు: నిక్షేపంగా చేయొచ్చు. ముందురోజు సాయంత్రం మొదలుపెట్టు. అర కిలో మైదా, 280 మిల్లీలీటర్ల నీళ్ళు, రెండు చెంచాల ఉప్పు, ఒక చెంచా పొడి ఈస్ట్, ఒక పెద్ద చెంచా బెల్లం పొడి. మాల్టు లేని ఇంట్లో బెల్లం సరిపోతుంది. మైదా కొనేటప్పుడు ప్యాకెట్ వెనక ప్రోటీన్ ఎంతుందో చూసి, ఎక్కువున్నది తీసుకో. 12 శాతం ఉంటే మేలు. ఆ ప్రోటీనే సాగుడు ఇస్తుంది.

పిండి బిగువుగా ఉంటుంది, నీళ్ళు ఇంకొంచెం పోద్దామనిపిస్తుంది. పోయకు. పావుగంట బలంగా పిసికితే నునుపవుతుంది. గంటసేపు మూతపెట్టి వదిలి, ఎనిమిది ఉండలు చేసి, ఒక్కోదాన్ని తాడులా పేని, అరచేతి చుట్టూ తిప్పి కొసలు గట్టిగా అతికించు. నడుమ సందు వెడల్పుగా పెట్టు, ఉడికేటప్పుడు సగం పూడిపోతుంది. నూనె రాసిన పళ్ళెంలో సర్ది, కప్పి, రాత్రంతా ఫ్రిజ్‌లో ఉంచు. చల్లగా నిదానంగా పొంగడం వల్లే రుచి వస్తుంది.

పొద్దున ఒక బేగెల్‌ను గిన్నెడు చన్నీళ్ళలో వేసి చూడు. తేలితే సిద్ధం. మునిగితే బయట ఇంకాసేపు ఉంచాలి. బెంగళూరు డిసెంబరు చలిలో ఇది ఆలస్యమవుతుంది, కంగారు పడకు. వెడల్పాటి గిన్నెలో నీళ్ళు మరిగించి రెండు పెద్ద చెంచాల బెల్లం, ఒక చెంచా వంటసోడా వేయి. మన ఊరు సముద్రమట్టానికి 900 మీటర్ల పైన ఉంది గనుక ఇక్కడ నీళ్ళు 97 డిగ్రీల దగ్గరే మరుగుతాయి, ఆ తేడా వల్ల బేగెల్‌కు వచ్చే నష్టమేమీ లేదు. ఒక్కో పక్క ముప్పావు నిమిషం ఉడికించి, తీసి, తడి ఆరకముందే నువ్వుల్లో గసగసాల్లో అద్ది, 220 డిగ్రీల్లో 20 నుంచి 25 నిమిషాలు కాల్చు. ఓవెన్ ముందే బాగా వేడెక్కి ఉండాలి.

తీశాక పావుగంట ఆగి కోయి. లోపల ఆవిరి పోకముందే కోస్తే జిగటగా ఉంటుంది. పూతలు పై జవాబుల్లో ఉన్నాయి, వేడిగా ఉన్నప్పుడు మాత్రం మొదటి చక్రం ఏమీ పూయకుండా తినమని నా కోరిక.

ప్రశ్న: నాకు చక్కెర వ్యాధి ఉంది. మా అబ్బాయి వీగన్. పొద్దున ఇద్దరం బేగెల్ తింటే ఇబ్బందా?
– ఎం. కె., హెబ్బాళ

జవాబు: బేకరీ బేగెల్ ఒకటి 100 గ్రాముల దాకా తూగుతుంది. అందులో పిండిపదార్థం 50 గ్రాముల పైమాటే, అంటే మూడు నాలుగు బ్రెడ్డు ముక్కలంత. మీకు ఒక్క చక్రం చాలు, అదీ వారానికోసారి. తీపి పూతలు వద్దు. పితికిపప్పో ఊరిబిండో పూసుకుని, పక్కన కీరా ముక్కలు పెట్టుకోండి, తిన్న రెండు గంటలకు చక్కెర చూసుకుని మీ డాక్టరుకు చెప్పండి. అబ్బాయికి ఒకటి తిన్నా ఫర్వాలేదు. పప్పు, శనక్కాయలు ఉంటే ప్రోటీన్‌కు లోటు రాదు. కానీ బి12 విటమిన్ మొక్కల ఆహారంలో దొరకదు. పాలు కూడా మానేసినవాళ్ళు దానికి మాత్ర వేసుకోవాలి, లేదా అది కలిపిన ఆహారం తినాలి. ఇంతవరకూ రక్త పరీక్ష చేయించకపోతే ఈ వారమే చేయించండి.